హాలు ఒకరిది, వంట మరొకరిది: సైబరాబాద్‌ పెళ్లిళ్లలో బయటి భోజనం తగువు

మాదాపూర్‌, కొండాపూర్‌, గచ్చిబౌలి వైపు పెళ్లి హాలు వెతుక్కునే కుటుంబానికి మూడు ప్రశ్నలుంటాయి. ముహూర్తం రోజు ఖాళీ ఉందా? అద్దె ఎంత? వంట మేమే చేయించుకోవచ్చా? మొదటి రెండింటికీ ఫోన్లోనే జవాబు దొరుకుతుంది. మూడోది అడిగితే మాత్రం ‘ఒకసారి వచ్చి మాట్లాడండి సార్‌’ అంటారు. వెళ్తే బేరం మూడు రకాలుగా ఉంటుంది. ఒకచోట అద్దే ఉండదు, ప్లేటు రేటే ఉంటుంది. ఇంకోచోట అద్దె ఉంటుంది గానీ బయటి క్యాటరర్‌ వస్తే ప్లేటుకింత చొప్పున హాలుకు మళ్లీ కట్టాలి. మరోచోట వంటకు సరే, డెకరేషన్‌ మాత్రం తమ దగ్గరే తీసుకోవాలి.

ఈ తగువులో ఎవరి మాటలో వారికి న్యాయం ఉంది. మా పెళ్లిలో ఏం వండాలో మీరెలా చెబుతారని పెళ్లివారు అడుగుతారు. మా వంటశాలలోకి ఎవరు రావాలో మేం చెప్పకూడదా అని హాలు వారు అడుగుతారు. తరతరాలుగా పెళ్లివంటలు చేస్తున్న మేం ఎక్కడికి పోవాలని వంటమాస్టర్లు అడుగుతారు. వీటికి తోడు పన్నుల చట్టం, వినియోగదారుల చట్టం, చెరువుల వివాదం, పంచాంగం. అన్నీ విప్పి చూస్తే తగువు మూలం ఒక్కచోట తేలుతుంది: హాలు యజమాని తన నేల ధరను అద్దెలో రాబట్టుకుంటున్నాడా, విస్తట్లో రాబట్టుకుంటున్నాడా అన్న దగ్గర. బయటి భోజనానికి అనుమతి ఉందా లేదా అన్నది ఆ లెక్క వెంటే నడుస్తుంది.

గాడిపొయ్యి నుంచి ప్లేటు రేటు దాకా

ఇంటి ముందు తాటాకు పందిరి, పెరట్లో గాడిపొయ్యి ఉన్న రోజుల్లో ఈ ప్రశ్నకు తావే లేదు. వంటమనిషి వచ్చి చిట్టా రాసిచ్చేవాడు. బియ్యం, కందిపప్పు, నెయ్యి, చింతపండు, ఇంగువ దాకా సరుకంతా పెళ్లివారిదే. వంటవాడికి కూలీ, బట్టలు, సంభావన. బంతి మధ్యలో పులిహోర తరిగిపోయినా, నాలుగు గంగాళాల సాంబారు మిగిలిపోయినా ఆ కష్టనష్టాలు ఇంటివాళ్లవే.

పట్నాల్లో వాకిళ్లు కుంచించుకుపోయాక కల్యాణ మండపాలు వచ్చాయి. దేవాలయాలు, సత్రాలు, కుల సంఘాలు, ధర్మకర్తలు కట్టించినవే ఎక్కువ. వేదిక, విడిది గదులు, భోజనాల హాలు, వెనుక వంటశాల, కొన్నిచోట్ల పాత్రలు కూడా అద్దెలో భాగమే. తిరుమల తిరుపతి దేవస్థానాలు ఊరూరా కట్టిన మండపాలు ఈ కోవలోవే. వాటిలో మాంసం, మద్యం కుదరవు. ఆ నియమం మెనూకే గానీ ఎవరు వండాలన్న దానికి కాదు. హైదరాబాద్‌లో దీనికి సమాంతరంగా ఫంక్షన్‌ హాలు పెరిగింది. పాతబస్తీ వైపు ఇప్పటికీ పెళ్లివారు కుదుర్చుకున్న బావర్చీ వచ్చి, హాలు వెనుక ఆవరణలో దేగ్‌లు దించుకుని బిర్యానీకి దమ్‌ పెట్టడం మామూలు సంగతి. అక్కడ ఎవరినైనా ‘బయటి భోజనం తేవచ్చా’ అని అడిగితే ఆ ప్రశ్న అర్థం కావడానికే కొంతసేపు పడుతుంది.

మార్పు హైటెక్‌ సిటీతో వచ్చింది. 1998 నవంబరులో ప్రధాని వాజ్‌పేయి సైబర్‌ టవర్స్‌ను ప్రారంభించారు. 2006లో నోవాటెల్‌ హోటల్‌తో కలిసి అంతర్జాతీయ సదస్సుల కేంద్రం హెచ్‌ఐసీసీ తలుపులు తెరిచింది. కంపెనీల వార్షికోత్సవాలు, సదస్సులు, శిక్షణ శిబిరాలు ఈ ప్రాంతానికి కొత్త గిరాకీ తెచ్చాయి. సదస్సు పెట్టే కంపెనీకి హాలు, మైకు, ఏసీ, టీ, మధ్యాహ్న భోజనం అన్నీ ఒకే బిల్లులో కావాలి. దాని కోసమే తలకింత చొప్పున ధర కట్టే పద్ధతి స్థిరపడింది. వారం మధ్యలో సదస్సులు, వారాంతంలో పెళ్లిళ్లు జరిగే హాళ్లు ఆ సదస్సు బిల్లునే పెళ్లివారి చేతిలోనూ పెట్టాయి. వందమంది ఉద్యోగుల భోజనానికి పుట్టిన లెక్కను ఎనిమిది వందల మంది బంధువుల మీద రుద్దితే వచ్చిన ఇబ్బందే ఇవాళ్టి తగువులో సగం.

2020లో కరోనా ఆంక్షలు పెళ్లికి 50 మందినే రానిచ్చినప్పుడు మరో దారి తెరుచుకుంది. అపార్ట్‌మెంట్ల క్లబ్‌హౌస్‌లు, ఊరి చివరి ఫామ్‌హౌస్‌లు పెళ్లి వేదికలయ్యాయి. ఆంక్షలు పోయినా ఆ అలవాటు పోలేదు.

నేల ధర, పంచాంగం

కోకాపేట నియోపొలిస్‌లో 2023 ఆగస్టులో జరిగిన వేలంలో ఎకరం గరిష్ఠంగా 100.75 కోట్లు పలికింది. 2025 అక్టోబరులో రాయదుర్గం నాలెడ్జ్‌ సిటీ భూమి ఎకరం 177 కోట్లకు వెళ్లింది. పార్కింగ్‌తో కలిపి నాలుగైదు ఎకరాలు కావలసిన పెళ్లి హాలును ఈ నేల మీద అద్దె మీదనే నడపడం ఎవరికైనా కష్టం. ఐటీ కారిడార్‌ నడిబొడ్డున కేవలం అద్దెకిచ్చే పాత తరహా హాలు అరుదు కావడానికి ఇదే మొదటి కారణం. ఆ స్థలంలో ఆఫీసు కడితే ఏడాది పొడవునా అద్దె వస్తుంది, పెళ్లి హాలుకు ముహూర్తాలున్న రోజుల్లోనే వస్తుంది.

ఆ రోజులు ఎన్ని అన్నది పంచాంగం చేతిలో ఉంది. ఆషాఢం, భాద్రపదం, పుష్యం పోగా, గురు శుక్ర మౌఢ్యాలు పోగా, మిగిలిన మంచిరోజుల మీదే ఊరంతా పడుతుంది. 2025 నవంబరు చివర మొదలైన శుక్ర మౌఢ్యమి 2026 ఫిబ్రవరి మధ్య దాకా సాగింది. అదే ఏడాది మే 17 నుంచి జూన్‌ 15 దాకా అధిక జ్యేష్ఠం. ఇలాంటి ఏడాదిలో మంచి లగ్నమున్న రోజుకు హాలు వారు పెట్టిందే షరతు. పెళ్లి శనాదివారాల్లో పడితే బాగుండునన్న ఐటీ ఉద్యోగుల కోరిక ఆ గిరాకీని ఇంకా బిగిస్తుంది. ఆషాఢంలో వచ్చే బర్త్‌డే పార్టీకి బయటి వంట ఒప్పుకున్న హాలే మాఘంలో ఒప్పుకోకపోవడంలో వింతేమీ లేదు.

హాళ్ల సంఖ్య కూడా స్థిరంగా లేదు. మాదాపూర్‌లోని ఎన్‌ కన్వెన్షన్‌ను 2024 ఆగస్టు 24న, చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా కూల్చింది. తమ్మిడికుంట చెరువు ఎఫ్‌టీఎల్‌ (పూర్తి నీటిమట్టం), బఫర్‌ పరిధిలోకి నిర్మాణం చొచ్చుకొచ్చిందని హైడ్రా చెప్పింది. అది పట్టా భూమేనని యజమాని, సినీ నటుడు నాగార్జున చెప్పారు. అదే రోజు హైకోర్టు మధ్యంతర స్టే ఇచ్చేసరికే కూల్చివేత చాలావరకు అయిపోయింది. ఆ వివాదంలో ఎవరిది న్యాయమన్నది వేరే సంగతి. పెళ్లివారికి మాత్రం అడ్వాన్సు కట్టేముందు హాలు అనుమతులు, చెరువు హద్దులు చూసుకోవలసిన కొత్త పని పడింది.

యజమానుల మాట

ఇన్‌హౌస్‌ క్యాటరింగ్‌ మాత్రమే అనేవారి వాదనలో మొదటిది పరిశుభ్రత. బయటి బృందం రాత్రి పదకొండింటికి వచ్చి, నూనె డబ్బాలు ఒలికించి, కాలువలో అన్నం పారబోసి, తెల్లారేసరికి వెళ్లిపోతే మర్నాటి పెళ్లివారికి హాలు అప్పగించాల్సింది యజమానే. రెండోది భద్రత: ఏసీ హాలు పక్కన ఇరవై గ్యాస్‌ సిలిండర్లు దించితే అగ్నిమాపక శాఖకు జవాబు చెప్పాల్సింది ఆయనే. మూడోది ఆహార భద్రత. క్యాటరర్‌కు ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సు ఉండాలి. ఊరి నుంచి వచ్చే వంటబృందంలో చాలామంది దగ్గర ఆ కాగితం ఉండదు, అతిథులకు వాంతులైతే పత్రికలో వచ్చేది హాలు పేరే.

ఈ మూడింటిలో రెండోది గట్టి వాదన. మొదటిదానికి డిపాజిట్‌, మూడోదానికి లైసెన్సు కాపీ అడిగితే సరిపోతుంది, నిషేధం దాకా పోనక్కర్లేదు. నాలుగో కారణం బయటికి అరుదుగా చెబుతారు: మిగులు. సొంత వంటశాల పెట్టి, మనుషుల్ని నెలజీతాల మీద ఉంచిన యజమానికి లాభం ప్లేటు మీదే ఉంటుంది. దాన్ని దాచాల్సిన పనేమీ లేదు. వ్యాపారం అలాగే నడుస్తుంది. దాచడం వల్లే అనుమానం పెరుగుతోంది.

పెళ్లివారి మాట

పెళ్లివారు డబ్బు గురించే మాట్లాడుతున్నట్టు కనిపిస్తుంది గానీ వాళ్ల అసలు పట్టు రుచి మీద, ఆచారం మీద. సైబరాబాద్‌లో అన్ని జిల్లాల వాళ్లూ ఉన్నారు. గోదావరి జిల్లాల కుటుంబానికి తమ వైపు వంటమాస్టరే కావాలి: పనసపొట్టు కూర, ముక్కల పులుసు, చేతిలో వేస్తే విరిగే బొబ్బట్టు. కాజాలు తాపేశ్వరం నుంచి, పూతరేకులు ఆత్రేయపురం నుంచి రావాలి. తెలంగాణ పెళ్లిలో బగారా అన్నం, మటన్‌ కూర లేకపోతే చుట్టాలకు భోజనం పెట్టినట్టే కాదు, ఆ మటన్‌ పొద్దున్నే కోయించి, పెద్ద గంజుల్లో తమ మనిషి వండాలి. మడి పాటించే ఇళ్లలో పెళ్లినాటి వంట ఎవరి చేతిది అన్నదే ప్రశ్న. జైన, మార్వాడీ కుటుంబాలకు దుంపలు తగలని వేరే వంటశాల కావాలి. ముస్లిం కుటుంబాలకు బావర్చీ పేరు శుభలేఖ మీద లేకపోయినా ఆహ్వానంలో భాగమే.

ఇన్‌హౌస్‌ మెనూ కార్డు ఈ తేడాలన్నిటినీ ‘సౌత్‌ ఇండియన్‌’, ‘నార్త్‌ ఇండియన్‌’, ‘చాట్‌ కౌంటర్‌’ అని మూడు మూటలు కడుతుంది. పనీర్‌ ఎక్కువ, పచ్చడి తక్కువ. దోసకాయ పప్పు అడిగితే ‘కస్టమైజేషన్‌’ అని అదనపు రేటు. ఈ ఫిర్యాదులో అతిశయం లేదు. పెళ్లిలో తాళి తర్వాత నలుగురూ గుర్తుపెట్టుకునేది భోజనమే కాబట్టి దాన్ని ఇతరుల మెనూకు వదిలేయడానికి ఇంటి పెద్దలు ఒప్పుకోరు. కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పెళ్లికొడుకు, పెళ్లికూతురు మాత్రం తరచూ ప్యాకేజీ వైపే మొగ్గుతారు: సెలవులు లేవు, సరుకు తూకం చూసే మేనమామ ఊర్లో లేడు, మిగిలితే ఏం చేయాలో తెలియదు. కాబట్టి ఈ తగువు హాలుకూ కుటుంబానికీ మధ్య ఎంత ఉందో, ఒకే కుటుంబంలో రెండు తరాల మధ్యా అంతే ఉంది.

మధ్యేమార్గం: ప్యానెల్‌, రాయల్టీ

ఈ రెండు పక్షాల మధ్య పుట్టినవి రెండు పద్ధతులు. ఒకటి ప్యానెల్‌: హాలు ఆమోదించిన నలుగురైదుగురు క్యాటరర్లలో ఒకరిని ఎంచుకోవాలి. రెండోది రాయల్టీ: ఎవరినైనా తెచ్చుకోండి, ప్లేటుకింతో, మొత్తం మీద ఇంతో హాలుకు కట్టండి. కిచెన్‌ చార్జీలు అన్న పేరుతోనూ ఇదే వస్తుంది.

ప్యానెల్‌ పద్ధతి చూడ్డానికి న్యాయంగానే ఉంటుంది. ఆ జాబితాలోకి రావడానికి క్యాటరర్‌ హాలుకు ఏమిస్తున్నాడో పెళ్లివారికి కనిపించదు, అది ప్లేటు రేటులో కలిసిపోతుంది. అందుకే ఒకే క్యాటరర్‌ ఒకే మెనూకు రెండు హాళ్లలో రెండు రేట్లు చెబుతాడు. ఆ తేడాను అతని నోటితోనే చెప్పించగలిగిన కుటుంబానికి హాలు బేరం సగం అర్థమైనట్టే. రాయల్టీ పద్ధతిలో కనీసం అంకె బల్లమీద ఉంటుంది. నా మొగ్గు దానివైపే.

వాట్సాప్‌లో వచ్చే కొటేషన్‌ను ఒకసారి దగ్గరగా చూడాలి. పైన హాలు అద్దె, దాని కింద చిన్న అక్షరాల్లో: కరెంటు మీటరు లెక్క, జనరేటర్‌ గంటకింత, ఏసీ ఆరు గంటలే, క్లీనింగ్‌, కిచెన్‌ చార్జీలు, వాలే పార్కింగ్‌, అదనపు గదులు, సెక్యూరిటీ డిపాజిట్‌, వీటన్నిటి తర్వాత ‘జీఎస్టీ అదనం’. బయటి వంటకు అనుమతి ఉందని చెప్పే హాళ్ల కొటేషన్లలోనే ఈ కింది వరుసలు పొడుగ్గా ఉంటాయి. ప్లేటు రేటులో దాగేవన్నీ ఇక్కడ విడివిడిగా బయటపడతాయి మరి.

పన్ను ఎవరి వైపు?

ఈ చర్చలో అందరూ మరిచిపోయేది జీఎస్టీ. వంట లేకుండా హాలు మాత్రమే అద్దెకిస్తే 18 శాతం. క్యాటరర్‌ విడిగా వస్తే అతని బిల్లు మీద 5 శాతం. హాలు, భోజనం కలిపి ఒకరే ఇస్తే సాధారణ హాళ్లలో మొత్తం మీద 5 శాతమే, ఇన్‌పుట్‌ క్రెడిట్‌ లేకుండా. అదే ప్యాకేజీ ఖరీదైన గదులున్న హోటల్‌లో, అంటే చట్టం ‘నిర్దేశిత ప్రాంగణం’గా గుర్తించిన చోట, 18 శాతం. దేవాలయ ఆవరణలో ధార్మిక ట్రస్టు నడిపే కల్యాణ మండపానికి రోజు అద్దె 10,000 రూపాయల లోపు ఉంటే పన్ను లేదు, ఆ అంకె చేరితే ఉంటుంది. అంటే బయటి వంటకు అనుమతిచ్చే మామూలు హాలు మీద పన్ను ఎక్కువ, ఇవ్వని హాలు మీద తక్కువ. ఎవరూ అలా కావాలని రాసి ఉండకపోవచ్చు గానీ ఫలితం అదే.

ఒక లెక్క వేద్దాం. అంకెలు అర్థం కావడానికే, ఏ హాలు రేటూ కావు. హాలు అద్దె 3 లక్షలు, బయటి క్యాటరర్‌ ప్లేటు 700. ప్యాకేజీలో హాలుతో కలిపి ప్లేటు 1,300. పన్ను కలిపితే అద్దె 3,54,000, బయటి ప్లేటు 735, ప్యాకేజీ ప్లేటు 1,365 అవుతాయి. 300 మందికి బయటి వంట మొత్తం 5,74,500, ప్యాకేజీ 4,09,500. వెయ్యి మందికి బయటి వంట 10,89,000; ప్యాకేజీ 13,65,000. రెండూ సమమయ్యేది దాదాపు 560 మంది దగ్గర. హాలు ప్లేటుకు 100 రూపాయల రాయల్టీ వేసి, దాని మీద 18 శాతం పన్ను కలిపితే ఆ గీత 690 మంది దాకా జరుగుతుంది. హోటల్‌ ప్యాకేజీ అయితే 18 శాతం పన్ను వల్ల గీత 445 దగ్గరికి దిగుతుంది.

కాబట్టి బయటి భోజనం ఎప్పుడూ చౌక అన్న నమ్మకం నిలబడదు. చిన్న పెళ్లికి ప్యాకేజీ, పెద్ద పెళ్లికి సొంత వంట గిట్టుబాటు. ఆ చిన్నా పెద్దా గీత ఎక్కడుందో ప్రతి హాలుకూ విడిగా లెక్క వేసుకోవాలి. ఇందులో మరో మెలిక గ్యారంటీ ప్లేట్లు. ప్యాకేజీలో 600 గ్యారంటీ ఇచ్చి 450 మంది వస్తే మిగతా 150 ప్లేట్ల సొమ్ము పోయినట్టే. సొంత వంటలో సరుకు మిగులుతుంది, కూలీ మిగలదు. మా వాళ్లు ఎంతమంది వస్తారో దేవుడికే తెలియాలి అనుకునే ఇళ్లకు రెండోదే కాస్త నయం.

చట్టం ఏమంటోంది

హాలు అద్దెకిస్తూ వంటను ముడిపెట్టడం చట్టరీత్యా చెల్లుతుందా అని అడిగేవారు ఈ మధ్య పెరిగారు. సమీప పోలిక సినిమా హాళ్లది. బయటి తినుబండారాలను అడ్డుకోవద్దన్న జమ్మూకశ్మీర్‌ హైకోర్టు 2018 ఆదేశాన్ని సుప్రీంకోర్టు 2023 జనవరి 3న కొట్టేసింది. థియేటర్‌ ప్రైవేటు ఆస్తి, షరతులు పెట్టే హక్కు యజమానిది అంది. తాగునీరు ఉచితంగా ఇవ్వాలని, పసిపిల్లలకు తెచ్చుకునే ఆహారాన్ని ఆపకూడదని కూడా గుర్తుచేసింది. విచారణలో, ఎవరైనా జిలేబీలు తెచ్చి చేతులు సీటుకు తుడిస్తే అని ప్రధాన న్యాయమూర్తి అడిగారు కూడా. ఆ తర్కం పెళ్లి హాళ్లకూ వర్తిస్తుందని యజమానులు అంటారు. నిజమే గానీ సినిమాలో పాప్‌కార్న్‌ కొనకపోయినా సినిమా చూడొచ్చు, పెళ్లిలో భోజనం పెట్టకుండా పెళ్లి చేయలేరు.

పోటీ చట్టం, 2002లో ఒక వస్తువుకు మరో వస్తువును ముడిపెట్టే ఒప్పందాల మీద సెక్షన్‌ 3(4) ఉంది. 2023 సవరణ తుది వినియోగదారుడితో చేసుకునే ఒప్పందాన్ని దాని పరిధి నుంచి తప్పించింది. ఇక మిగిలేది మార్కెట్‌లో ఆధిపత్యాన్ని దుర్వినియోగం చేశారన్న వాదన. ఇన్ని హాళ్లున్న నగరంలో ఏ ఒక్కదాన్నీ ఆధిపత్యం ఉన్నదిగా చూపడం కష్టం. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కాస్త ఆశ ఇస్తుంది. మితిమీరిన సెక్యూరిటీ డిపాజిట్‌ అడగడం లాంటివాటిని ఆ చట్టం అన్యాయ ఒప్పందంగా నిర్వచించింది. అలాంటి ఫిర్యాదు జిల్లా కమిషన్‌లో కాకుండా రాష్ట్ర కమిషన్‌లో వేయాలి. పెళ్లి హడావుడిలో ఉన్న కుటుంబం అంతదూరం వెళ్లదని అందరికీ తెలుసు, ముఖ్యంగా షరతులు రాసేవారికి.

ఏ చోట ఏ బేరం

స్టార్‌ హోటళ్లలో బయటి వంట మాట ఎత్తకపోవడమే మేలు. చిన్న నిశ్చితార్థానికో రిసెప్షన్‌కో సరిపోతాయి. కన్వెన్షన్‌ హాళ్లలో ముహూర్తం లేని రోజుకు, పగటిపూటకు బేరం కుదురుతుంది, పెళ్లిళ్ల సీజన్‌ ఆదివారం కుదరదు.

మియాపూర్‌, చందానగర్‌, లింగంపల్లి, కూకట్‌పల్లి వైపు మిగిలిన పాత తరహా ఫంక్షన్‌ హాళ్లే ఈ ప్రశ్నకు అసలు జవాబు. అద్దె స్పష్టం, వంట ఎవరిదైనా పర్వాలేదు. అక్కడ చూడాల్సింది వేదిక మీది లైట్లను కాదు, వెనుక రేకుల షెడ్డును: పొయ్యిలకు చోటు ఎంత, తరిగే గట్టు ఉందా, బోరు నీళ్లు వేసవిలో వస్తాయా, పాత్రలు తోమిన నీళ్లు ఎటు పోతాయి, సరుకు వ్యాను ఆ గేటులోంచి వెనక్కి వెళ్లగలదా. వంటమాస్టర్‌ను వెంటబెట్టుకుని వెళ్తే పదినిమిషాల్లో తేల్చేస్తాడు.

మొయినాబాద్‌, శంకర్‌పల్లి దారిలోని రిసార్టులు, ఫామ్‌హౌస్‌లు చాలావరకు బయటి వంటకు తలూపుతాయి. వాటికి చోటు చౌక, వంటశాల లేదు. ఈ ప్రాంతంలో చాలాభాగం ఉస్మాన్‌సాగర్‌, హిమాయత్‌సాగర్‌ రక్షణకు 1996లో తెచ్చిన జీవో 111 పరిధిలోది. 2022లో జీవో 69 ఆ ఆంక్షలను సడలించినా నిర్మాణాల అనుమతుల సంగతి చూసుకోవాల్సిందే. పైగా రాత్రి పది దాటాక ఆరుబయట లౌడ్‌స్పీకర్‌కు 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు ఒప్పుకోవు. మూసిన హాలుకున్న మినహాయింపు లాన్‌కు లేదు. తెల్లవారుజామున లగ్నం పెట్టుకున్నవారు దీన్ని గుర్తుంచుకోవాలి. చుట్టాలను తీసుకెళ్లే బస్సుల ఖర్చును వంటలో మిగిలిన డబ్బులోంచి తీసేసి చూస్తే చాలా ఫామ్‌హౌస్‌ బేరాలు తేలిపోతాయి.

నల్లగండ్ల, తెల్లాపూర్‌, కొండాపూర్‌ గేటెడ్‌ కమ్యూనిటీల క్లబ్‌హౌస్‌లు అక్కడి నివాసులకే. రెండొందల మంది లోపు పెళ్లికి ఇంతకన్నా చవక మార్గం లేదు. వండి తెచ్చిన భోజనానికి అభ్యంతరం ఉండదు, అక్కడే పొయ్యి పెడతామంటే ఉంటుంది. లైసెన్సు లేని చోట వందమందికి మించి గుమిగూడే కార్యక్రమం పెడితే మూడు పనిదినాల ముందు స్థానిక సంస్థకు చెప్పాలని 2016 నాటి ఘనవ్యర్థాల నియమాల్లో ఉండేది. ఆ సంగతి చెప్పే అసోసియేషన్‌ తక్కువ.

దేవాలయ, సంఘ మండపాలు శాకాహార పెళ్లికి ఇప్పటికీ అన్నిటికన్నా సూటి దారి. ఈ కారిడార్‌లో అవి తక్కువ, నగరం పాత భాగంలో ఎక్కువ. తాళి గుడి మండపంలో, రిసెప్షన్‌ గచ్చిబౌలిలో అని విడదీసుకునే పద్ధతి పెరగడానికి అదొక కారణం. శాకాహార పెళ్లి భోజనం తమ వంటమాస్టర్‌ది, రిసెప్షన్‌ విందు హాలు వారిది అయితే రెండు తరాల కోరికా తీరుతుంది. రెండు చోట్ల ఖర్చు అన్న మాట నిజమే గానీ, రెండూ చిన్నవైతే మొత్తం తరచూ తగ్గుతుంది. 1992 నాటి శిల్పారామంలాంటి ప్రభుత్వ ప్రాంగణాల్లోనూ వేడుకలకు వేదికలున్నాయి. పేద, మధ్యతరగతి కుటుంబాల కోసం జీహెచ్‌ఎంసీ మల్టీపర్పస్‌ ఫంక్షన్‌ హాళ్లు కట్టింది. అద్దె తక్కువ, వంట పెళ్లివారిది అన్న పాత సూత్రం వాటిలో బతికి ఉంది. వేలాది కోట్ల భూమి అమ్ముడైన ఈ పడమటి వైపే అలాంటి హాళ్లు ఎక్కువ ఉండాలన్న డిమాండ్‌ ఇంకా గట్టిగా వినిపించలేదు.

తేలనివి

పన్ను సంగతి మొదటిది. హాలుకు 18, ప్యాకేజీకి 5 అన్న తేడా ఉన్నంతకాలం కొత్తగా కట్టే ప్రతి హాలూ సొంత వంటశాల వైపే మొగ్గుతుంది. రెండోది బాధ్యత. రాయల్టీ తీసుకున్న హాలు, ఆ క్యాటరర్‌ వంట తిని ఎవరికైనా జబ్బు చేస్తే కొంతైనా జవాబుదారీ అవుతుందా? డబ్బు తీసుకున్నారు కాబట్టి అవ్వాలని కుటుంబాలు, చోటుకే తీసుకున్నాం కాబట్టి కాదని యజమానులు అంటారు. ఒప్పందాల్లో దీని గురించి రాసుకున్నవారు తక్కువ. మూడోది మిగిలిన అన్నం: ప్యాకేజీలో మిగిలింది ఎవరిదన్న మాట ముందే అనుకోకపోతే పెళ్లివారు డబ్బాలు తెచ్చుకున్నా ఇవ్వనివారున్నారు.

అన్నిటికన్నా ఎక్కువ గొడవలు జరిగేది మాత్రం వంటశాల అప్పగించే సమయం దగ్గర. ముందురోజు రిసెప్షన్‌ రాత్రి పదకొండున్నరకు ముగుస్తుంది, పాత్రలు తోమి కడిగి ఇచ్చేసరికి ఒంటిగంట. ఉదయం ఆరింటికి ఇడ్లీ, ఉప్మా వడ్డించాలంటే కొత్త వంటమాస్టర్‌ రెండింటికే పొయ్యి ముట్టించాలి. మధ్యలో ఉన్నది ఒక్క గంట. హాలు సమయం ఉదయం ఆరు నుంచి అని రసీదులో రాసి ఉంటే ఆ గంట కూడా లేనట్టే. అద్దె గురించి అరగంట బేరమాడే కుటుంబాల్లో చాలామంది వంటశాల తాళం ఎన్నింటికిస్తారన్నది అడగరు, హాలు వారూ తమంతట తాము రాయరు. ఆ గంట ఎవరిదన్న వాదన పెళ్లిరోజు తెల్లవారుజామున, హాలు వెనుక గేటు దగ్గర, కూరగాయల బుట్టల మధ్య జరుగుతూనే ఉంది.